మిషన్ ఆగకూడదు

"తాగింది నువ్వు, కోయించుకునేది నేను. సిగ్గుందట్రా నీకు?" అని ఆస్పత్రి వరండాలోనే అక్క తమ్ముణ్ణి దులిపేసింది.

మందు, సిగరెట్టు, వాటికి తోడు పట్టించుకోని బీపీ కలిసి వాడి రెండు కిడ్నీలనూ పాడుచేశాయి. డయాలసిస్ మీద బతుకుతూ మనిషి చీపురుపుల్లలా అయ్యాడు. తిట్టినా కొట్టినా తోడబుట్టినవాడు. అందుకే కిడ్నీ ఇస్తానని అక్కే ముందుకొచ్చింది. రక్తం గ్రూపు కలిసింది. మిగతా పరీక్షల సంగతి చెప్పడానికి డాక్టరమ్మ ఇవాళ రమ్మంది.

గదిలో కూర్చున్నాక కూడా అక్క నోరు ఆగలేదు. తప్పు వీడొక్కడిదే కాదనీ, వీధికో సారా కొట్టు తెరిచి మనుషుల ప్రాణాలు తోడేస్తున్న వాళ్లను ముందు బొక్కలో వేయాలనీ చెడామడా తిట్టింది. డాక్టరమ్మ రిపోర్టులు చూస్తూ ఉండిపోయింది. అది చూసి అక్కకు ఒళ్లు మండింది. తాగుబోతుకి ఆపరేషన్ దండగ అనుకుంటోంది కాబోలు.

"వాడు మానేశాడు మేడమ్. మళ్లీ ముట్టుకుంటే నేనే ఊరుకోను. ఆపరేషన్ ఎప్పుడో చెప్పండి."

"మీ కిడ్నీ పనికిరాదమ్మా. మీవే సగం దెబ్బతిన్నాయి. ఏం మందులు వాడుతున్నారు?"

అక్క తోకతొక్కిన తాచులా లేచింది. తనకు కాఫీ అలవాటు కూడా లేదంది. మంచం పట్టిన రోజే ఎరగనంది.

"నొప్పి మాత్రలు?"

"అవీ మందులేనా మేడమ్? బట్టల కంపెనీలో పొద్దస్తమానం మిషన్ల దగ్గర నడుం వంచాలి. మా లైనులో ఆడవాళ్లందరం రోజూ వేసుకుంటాం. కంపెనీ ఊరికే ఇస్తుంది. నెలసరి నొప్పొచ్చినా, ఒక మాత్ర పడితే మిషన్ ఆగదు. నీళ్లు మాత్రం తక్కువ తాగుతాం, మాటిమాటికీ లేవకూడదుగా."

తమ్ముడు బిత్తరపోయి అక్క వంక చూశాడు. ఈసారి మండిపడడం డాక్టరమ్మ వంతయింది. ఏళ్ల తరబడి రోజూ మింగితే, అందులోనూ నీళ్లు సరిగ్గా తాగకపోతే, ఆ మాత్రలే కిడ్నీలను తినేస్తాయంది. అడ్డమైన నొప్పికీ పంచిపెట్టడానికి అవేమైనా పిప్పరమెంట్లా అని అడిగింది.

"అంతమంది ఆడవాళ్ల చేత వాటిని మింగిస్తున్న ఆ పుణ్యాత్ములెవరో చెప్పండి. నేనే పోలీసులకు ఫిర్యాదు చేస్తాను."

అక్క మెల్లగా మళ్లీ కుర్చీలో కూలబడింది.

"నేనే మేడమ్. ఆ లైను సూపర్‌వైజర్ని."