ముళ్ళు తీసిన మాట

"నీ సెల్లి ఏటంతంది బావా?" వైర్‌లెస్ సెట్టులో అరిచాడు సింహాద్రి. పెళ్ళాం సూర్యకళతో పోట్లాడి చేపల వేటకొచ్చాడు. అతని బోటుకి ఒడ్డు నుంచి సిగ్నల్ అందదు. ఒడ్డుకీ ఇతనికీ మధ్య ఇంకో బోటులో ఉన్న ఆమె అన్న నూకాలే ఫోన్లో విని, ఆ మాట సెట్టులో ఇటు అందిస్తాడు.

చాలాసేపటికి నూకాలు, "జాగర్తగా రమ్మంతంది" అన్నాడు.

"ఆ ముక్కకి ఇంత సేపేటి? నీ ఫోనే సెట్టుకి ఆనించు. నానే ఇంటాను."

"సెవులు జాగర్త మరి."

"తాళం మార్సేసానని సెప్పన్నా! ఆ సముద్రంలోనే కాపురం సేసుకోమను!" సూర్యకళ గొంతు బోటంతా మోగింది. ఆ వెనకే మెల్లగా, "అన్నం తిన్నాడా?"

నూకాలు ఇన్నేళ్ళూ చేపకి తీసినట్టే మాటకీ ముళ్ళు తీసి పెడుతున్నాడని సింహాద్రికి అప్పుడర్థమైంది.

"ఫోను తీసెయ్ బావా. లేటైనా నువ్వే సెప్పు," అన్నాడు. "ముందు, తిన్నానని సెప్పు."