మనుషుల్లేని దీవి

"ఇది మా దీవి కాదు," అంది కిర్స్టీ అత్త.

నిలువెత్తు తీగవాద్యాలైన డబుల్ బేస్‌లు వాయిస్తున్న మేం నలుగురం చేతులాపేశాం. కచేరీ రేపే. సంగీతం రాసిన ఫర్గస్ మొహం మాడిపోయింది. అత్త ఒప్పుకుంటేనే దానికి ఒకప్పుడు ఆవిడ ఉన్న దీవి పేరు ఉంచుతానని మాటిచ్చాడు మరి.

"వారం రోజులు అక్కడే ఉండి, ఆ గాలి హోరు విని రాశానమ్మా."

"ఎప్పుడు విన్నావు? అందరం దీవి ఖాళీ చేసి వచ్చేశాక. ఆడవాళ్ళం తడి ఉన్నిబట్ట దళసరెక్కేలా బల్లకేసి బాదుతూ పాడుతుంటే గాలి ఎవడికి వినపడేదిరా?"

"చదువుకున్నోడు కదత్తా, మనల్నడిగితే నామోషీ," అన్నాను.

ఫర్గస్ తలొంచుకున్నాడు. "పేరు తీసేస్తానమ్మా."

"తీయకు." అత్త కుర్చీ మా దగ్గరికి జరుపుకుంది. "మేం పడవెక్కాక అక్కడ ఎలా ఉందో నాకెవరూ చెప్పలేదు. మొదట్నుంచి వాయించండి."