పాడైన టేకు

శైలజ పెద్దవాళ్ల కోసం ఓ దెయ్యం కార్టూను తీస్తోంది. అందులో పెళ్లాం ఏడుస్తూ చెప్పే అబద్ధాలు వినలేక శవం లేచి కూర్చుంటుంది. ఆ శోకాన్ని రాజాంలో అత్త నారాయణమ్మ గొంతుతో రికార్డు చేస్తోంది.

"ఎదురుగా శవం నేకపోతే నాకు ఏడుపు రాదే," అంది అత్త.

మావయ్యని చాప మీద పడుకోబెట్టి, ముఖం నిండా దుప్పటి కప్పారు.

"జాతరలో పట్టు కోక కొన్నావు మావా!" అని అత్త అందుకుంది.

"నేనెప్పుడు కొన్నానే? అది మీ అన్న కొన్నాడు," అన్నాడు మావయ్య దుప్పటిలోంచి.

టేకు పాడైంది. మాట్లాడొద్దని మావయ్యని బతిమాలి, చప్పుడవుతోందని ఫ్యాను ఆపి, శైలజ మళ్లీ మొదలెట్టింది.

"ఏడువారాల నగలు సేయించినావు మావా!"

దుప్పటి కదల్లేదు. అత్త ఓ క్షణం ఆగింది.

"నాచేత ఒక్క పూటైనా పొలం పని సేయించనేదు మావా!"

దానికీ జవాబు లేదు. అత్త వంగి దుప్పటి సర్దింది. అక్కణ్నుంచి ఆమె ఏడ్చిన ఏడుపుకి శైలజకి ఒళ్లు జలదరించింది.

"అదిరిపోయిందత్తా! ఇంక లెగండి మావయ్యా."

నారాయణమ్మ ముక్కు చీదుకుంది.

"ఒసే, ఆ పాడైందాన్ని సెరపనేదు కదా? ఇంక మీ మావ మాట అందులోనే ఉన్నాది."