ఆరనివ్వని గోడ

ఇంటి పని అయ్యేదాకా బోధన్‌లో అద్దెకుందామని భానుప్రసాద్ అన్నాడు. సుమన ఒప్పుకోలేదు. కొత్త ప్లాస్టరింగ్‌కు పొద్దునా రాత్రీ నీళ్లు కొట్టాలని మేస్త్రి చెప్పడంతో ఆమెకు వంక దొరికింది.

అసలు సంగతి లోపలి గది గోడ. పోయినేడు పసుపు ఉడికించిన రోజు కూతురు మనస్వి పచ్చటి కుడిచెయ్యి దానికి అద్దింది. వానాకాలం రాకముందే జ్వరంతో పోయింది. ఆ గుర్తు చూస్తూ భార్య బతకదని భానుప్రసాద్ గోడంతా చెక్కించి సిమెంటు పూయించాడు.

పూత పూసిన మర్నాటి రాత్రి వాళ్ల ఊరు ఎడపల్లి అంతటా కరెంటు పోయింది. చీకట్లోనే సుమన పైపుతో గోడ తడిపింది. ఫోను లైటు వేసి చూస్తే, తడి సిమెంటులో పసుపు మరక. చిన్న అరచెయ్యి.

"ఇగో, గిటు రా! బిడ్డ చెయ్యి అచ్చింది."

"పాత మరక ఊరింది, అంతే," అంటూ వచ్చిన భానుప్రసాద్ గొంతు తగ్గింది. "దాని బొటనవేలు తలుపు దిక్కు ఉండె గదా?"

ఇప్పుడది కిటికీ దిక్కు ఉంది. గదిలో నుంచి గోడకు అద్దిన చెయ్యి కాదది. గోడలో నుంచి ఇటు ఆనించిన చెయ్యి.

"నడువు. ఇప్పుడే బోధన్ పోదాం."

సుమన కదలలేదు. తడి ఆరుతున్నకొద్దీ వేళ్లు ఒక్కొక్కటే మాయమవుతున్నాయి. పైపు మళ్లీ గోడ మీదికి తిప్పింది.

"నువ్వు పో. గోడ ఆరితే బిడ్డ ఎటు పోవాలె?"

ట్యాంకు ఖాళీ అయింది. పైపు గుర్రుమని ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో, గోడ లోపల చిన్న గోళ్లు గీకడం మొదలుపెట్టాయి.