మరక పట్టని అరుగు

"మరకేదమ్మా?" జగిత్యాల నుంచి విచారణకు వచ్చిన అధికారి దొర గడి అరుగు మీదికి వంగి అడిగాడు.

"గీడనే సారూ! రైతుకూలీ సంఘంల చేరిండని నా కొడుకు ఓదెల్ను దొర గీ బండ మీదనే కొట్టి సంపించిండు!" బుచ్చవ్వ అరుగును అరచేత్తో చరిచింది.

దొర నవ్వాడు. "నెత్తురు కారితే రాయి గుంజుకోదా సార్?"

"ఎట్ల గుంజుకుంటదిరా?" దొరను మొదటిసారి 'రా' అంది బుచ్చవ్వ. "పాన్ ఉమ్మినా, వాన కొట్టినా మరక పట్టొద్దని ముప్పై ఏండ్లు, ఏడాదికి రెండుమార్లు గీ బండలకు అవిసెనూనె తాపితి!"

"మరి తుడిచిందెవరు?" అధికారి అడిగాడు.

బుచ్చవ్వ రెండు చేతులూ అధికారి ముందుకు చాచింది.

"నేనే సారూ. 'యాటపోతును కోసినం, కడుగు' అన్నడు వీడు. ఒక్క తడిగుడ్డకే పోయింది నా కొడుకు నెత్తురు!"