నడిచేవాళ్లు లేని రోడ్డు

మనవరాలు ధరణి తిరుపతి బస్టాండు కూడలిని కంప్యూటర్‌లో గీసి, బండ్లను తిప్పుతోంది. సిగ్నలు ఎంతసేపు ఉండాలో వందసార్లు తిప్పి చూసి, కాలేజీవాళ్లు పోలీసులకు చెబుతారట.

“మనుషులు యాడే?” అన్నాను.

“నడిచేవాళ్లను తీసేసినానవ్వా. వాళ్లుంటే ఒక్కోసారికీ గంట పడతాది. ఇప్పుడు నిమిషమే.”

నాకు ఒళ్లు మండింది. “నీ తొందరకు మమ్మల్నే తుడిచేస్తావా? మెల్లగా నడిచే ముసిలిదాన్ని ఒకదాన్ని పెట్టు, సూస్తాం.”

సణుగుతూ ఒక చుక్కను పెట్టి నడిపించింది. చుక్క సగం రోడ్డు దాటేలోపే సిగ్నలు మారింది. బండ్లు దానిమీదికి వచ్చేశాయి.

ధరణి, ఎముక విరిగి పుత్తూరు కట్టు వేసిన నా కాలివైపు చూసింది.

“అవ్వా, నువ్వు నిజంగా బాత్‌రూములోనే జారినావా?”

నేను చీర కుచ్చిళ్లు కట్టుమీదికి లాక్కున్నాను. నిజం తెలిస్తే, రోజూ ఆ కూడలి దాటే దీని చదువు వాళ్ల నాయన మాన్పించేస్తాడని నెలరోజులుగా నా భయం.

ధరణి నడిచేవాళ్లందరినీ తిరిగి పెట్టి, మళ్లీ మొదటినుంచి తిప్పింది.