మొదటి మైకు

మైపాడు పక్కన ఎస్తేరమ్మ వాళ్లు చేపలు ఎండబెట్టుకునే ఇసుకదిబ్బను కంపెనీకి ఇవ్వాలా వద్దా అని ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. పోరాట సమితి అధ్యక్షుణ్ణి కదా, మొదటి మైకు నాదే.

చట్టం దగ్గర మొదలుపెట్టి సముద్రం పుట్టుక దాకా వెళ్లాను. గొంతు ఎండితే కంపెనీ మేనేజరే నీళ్లసీసా అందించాడు. “ఇంకాసేపు మాట్లాడండి సార్” అన్నాడు. శత్రువు కూడా నా ఉపన్యాసానికి పడిపోయాడనుకున్నాను.

ఐదు కాగానే సమయం అయిపోయిందని అధికారులు లేచారు.

ఎస్తేరమ్మ దగ్గరికొచ్చింది. “బాగా మాట్లాడినావన్నా. మేం నలభైమందిమి మాట్లాడేదానికి పేర్లు రాయించుకోని పొద్దున్నుంచీ కూర్చోనుండాం.”

మర్నాడు నివేదిక అతికించారు. అభ్యంతరం చెప్పింది ఒక్కరేనట.

నా పేరు మాత్రం తప్పు లేకుండా రాశారు.